ఫాల్గుణంలో ద్రాక్షపాదులో పూలమొక్కలు పెట్టొచ్చా?

నాందేడ్ జిల్లా దెగ్లూరు నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. ఇంటి ముందు ఇనప పైపుల పందిరి మీద రెండేళ్ళ ద్రాక్షతీగ ఉంది. పోయిన నెలలో మొదటిసారి నాలుగు గుత్తులు కోసుకున్నారు. ఇప్పుడేమో ఆకులు పసుపెక్కి, అంచులు ఎండి, రోజూ రాలుతున్నాయి. వీడియోల్లో చూస్తే వసంతం రాగానే ద్రాక్షతోటలన్నీ లేత చిగుళ్ళతో, సాళ్ళ చివర గులాబీలతో కళకళలాడుతున్నాయి, తన తీగ మాత్రం చచ్చిపోయేలా ఉందని టెన్షన్ పడుతోంది. తీగ మొదట్లో ఖాళీగా ఉన్న పాదులో గులాబీ, మందారం, కనకాంబరం పెడదామనుకుంటోంది. పెట్టొచ్చా, తీగని ఇప్పుడే కత్తిరించాలా అని అడిగింది.

ముందు జవాబు చెప్పేస్తాను. తీగ చావలేదు. ఇప్పుడే కత్తిరించొద్దు, ఏప్రిల్ మొదటి పక్షం దాకా ఆగండి. పూలమొక్కలు ఇప్పుడే పెట్టుకోండి, కానీ ద్రాక్షపాదులో మాత్రం ఏదీ పెట్టకండి. మొదలుకి కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో వేరే మడి చేసుకోండి, లేదా కుండీల్లో పెట్టుకోండి, వాటి నీళ్ళు వాటికి, తీగ నీళ్ళు తీగకి వేరుగా పోయండి. మీరు అనుకున్న మూడు పూలూ మంచివే, ఎవరింట్లోనైనా ఉండాల్సినవే, కాకపోతే ద్రాక్షకి పొరుగున పెట్టకూడని పూలు ఏవంటే నేను మొదట చెప్పేవి ఆ మూడే. ఎందుకో కింద వివరంగా రాస్తాను.

మాది షోలాపూర్. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా నాన్న మిల్లు పని మానేసి నాన్నజ్ దగ్గర ద్రాక్షతోటలో చేరాడు, నేను ఆ సాళ్ళ మధ్యే పని నేర్చుకున్నాను, ఇప్పుడు మాకూ కొద్దిగా తోట ఉంది. నాన్నజ్ అంటే చాలామందికి బట్టమేక పిట్టల అభయారణ్యమే గుర్తొస్తుంది కానీ ద్రాక్షవాళ్ళకి అది పెద్ద పేరు. సోనాకా, శరద్ సీడ్‌లెస్ లాంటి రకాలు ఆ ఊరి రైతు నానాసాహెబ్ కాళే తోటలోనే పుట్టాయి. ఇంటి దగ్గర మా ఆవిడకి పూలమొక్కల పిచ్చి. కాబట్టి ద్రాక్ష సంగతీ, పూల సంగతీ, రెండూ ఒకే వాకిట్లో ఉంటే వచ్చే తగువూ మా ఇంట్లో అందరికీ తెలిసిందే.

మొదట ఆ వీడియోల సంగతి. ఫ్రాన్స్, ఇటలీ లాంటి చోట్ల చలికాలంలో తీగ మొత్తం నిద్రపోతుంది. ఆకు ఒక్కటి ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో నేల వెచ్చబడ్డాక కన్ను పగిలి చిగురు వస్తుంది, వాళ్ళ పంట కోత ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా. వసంతం అంటే వాళ్ళకి తీగ లేచే కాలం, భయం కూడా అప్పుడే, చిగురు వేశాక మంచు పడితే ఏడాది పంట పోతుంది. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో అలాగే అయ్యింది, రాత్రంతా సాళ్ళ మధ్య మంటలు పెట్టి కూచున్నారు పాపం. మన దగ్గర తీగకి నిద్రపోయేంత చలి రాదు. వదిలేస్తే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది, కాయ మాత్రం సరిగ్గా రాదు. అందుకే మనం ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం. మన తీగ లేచేది కాలం మారినందుకు కాదు, కత్తెర పడినందుకు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. అక్టోబరు కత్తిరింపు కాయ కోసం, ఏప్రిల్ కత్తిరింపు కొమ్మ కోసం. ఏప్రిల్ కత్తిరింపుని ఇక్కడ మరాఠీవాళ్ళు ఖరడ్ ఛాటణీ అంటారు, మా పనివాళ్ళంతా తెలుగులో మాట్లాడుకుంటూ కూడా ఖరడ్ అనే అంటారు, నర్సరీకి వెళ్ళినా మందుల షాపుకి వెళ్ళినా మీరూ అదే మాట వాడండి, వెంటనే అర్థం చేసుకుంటారు.

కాబట్టి మన ఫాల్గుణం, చైత్రం ద్రాక్షతోటకి చివరి ఘట్టం. ఫిబ్రవరి నుంచి కోతలు, ఆ తర్వాత బేదాణా షెడ్లు, అంటే కిస్మిస్ ఆరబెట్టేవి. గుత్తుల్ని డిప్పింగ్ ఆయిల్, పొటాషియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచి నీడలో వలల మీద పరిస్తే రెండు మూడు వారాల్లో కిస్మిస్ అవుతుంది. మన వైపు వసంతంలో భయపెట్టేది మంచు కాదు, అకాల వాన, వడగళ్ళు. 2014 ఫిబ్రవరి, మార్చిలో మహారాష్ట్ర అంతటా పడ్డ వడగళ్ళకి పండిన గుత్తులు పగిలి నేల మీద రాలిన తోటలు ఎన్నో. వాన నీళ్ళు పీల్చుకుని పండు తొక్క చీలిందంటే ఇక దాన్ని ఎవరూ కొనరు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ తీగ ఇప్పుడు ఆకు రాల్చడం జబ్బు కాదు. కాయని మోసి అలిసిన తీగ అది. పాత ఆకు పని అయిపోయింది, రాలుతుంది.

అయినా అనుమానం ఉంటే పెన్సిలంత లావు కొమ్మ మీద గోరుతో చిన్నగా గీకి చూడండి. పైన గోధుమరంగు బెరడు పొర, దాని కింద పచ్చగా తడిగా ఉంటే బతికున్నట్టే. మొదలు మీద బెరడు నారలు నారలుగా ఊడుతుంటే కంగారు పడకండి, ద్రాక్షకి అది మామూలే. కాకపోతే ఆ నారల కింద తెల్లగా పిండి పూసినట్టు ఏమైనా ఉందేమో చూడండి. చీమలు మొదలు వెంట వరసగా పైకీ కిందకీ తిరుగుతున్నాయంటే తప్పకుండా చూడండి, అక్కడ పిండినల్లి ఉంది. చీమలు దాని జిగురు కోసం వస్తాయి, వస్తూ పోతూ దాన్ని కొత్త కొమ్మలకి మోస్తాయి.

ఇక్కడే మందారం సంగతి వస్తుంది. మందారాన్ని పట్టే గులాబీరంగు పిండినల్లే ద్రాక్షనీ పడుతుంది. రెండూ ఒకటే పురుగు. మందారం మీద చిగుళ్ళు ముడుచుకుపోయి ముద్దలా అయితే మనం రెండు కొమ్మలు తుంచి పడేసి ఊరుకుంటాం, మందారం మొండిది కాబట్టి తట్టుకుంటుంది. కానీ ఆ పురుగు పక్కన ఉన్న ద్రాక్ష బెరడు కింద దూరి ఎండాకాలమంతా దాక్కుని, గుత్తి తయారయ్యే టైముకి గుత్తిలోకి చేరుతుంది. ఒకసారి గుత్తి లోపలికి పోయిందంటే ఏ మందు కొట్టినా అందదు, కాయల మధ్య జిగురు, దాని మీద నల్లటి మసి, ఆ గుత్తి నోట్లో పెట్టుకోలేం. అక్కల్‌కోట్ రోడ్డులో మాకు తెలిసిన ఒకరింట్లో పందిరికి ఆనుకునే పెద్ద మందారం చెట్టు ఉండేది, ఏటా సగం గుత్తులు పారేసేవాళ్ళు. దేవుడికి పూసే చెట్టు, కొట్టేయడానికి మనసు రాలేదు. చివరికి ఇంటి వెనకవైపు కొత్త మందారం కొమ్మ నాటుకుని, అది పూలు మొదలుపెట్టాకే ముందుది తీసేశారు, ద్రాక్ష మొదలు బెరడు గీకి శుభ్రం చేసుకున్నారు. ఆ తర్వాత గుత్తులు బాగుపడ్డాయి. మీరు కూడా మందారం పెట్టుకోవాలంటే ఇంటికి అటువైపు పెట్టుకోండి.

కనకాంబరంది వేరే సమస్య. అది వేళ్ళలో నులిపురుగులు బాగా పట్టే మొక్క. మొక్క ఎదగక ఆకులు చిన్నవైపోయి పాలిపోతే పీకి చూడండి, వేళ్ళ నిండా బుడిపెలుంటాయి. అవే నులిపురుగులు ద్రాక్ష వేళ్ళకీ ఎక్కుతాయి. తోటల్లో ఇప్పుడు ఎక్కువగా డాగ్రిజ్ అనే ఖుంటు (అంటుకి కింద వేళ్ళ భాగంగా వాడే మొక్క) మీద అంటుకట్టిన మొక్కలే పెడతారు, ఉప్పునీళ్ళనీ నీటి ఎద్దడినీ నులిపురుగుల్నీ కూడా అది చాలావరకు తట్టుకుంటుంది. కానీ మీది కొమ్మ గుచ్చి పెంచిందైతే ఆ రక్షణ లేదు. కనకాంబరం కుండీలో పెట్టుకోండి, మధ్యాహ్నం కాస్త నీడ తగిలేలా, అంతే. కుండీ మట్టి మార్చేటప్పుడు ఆ పాత మట్టిని మాత్రం ద్రాక్షపాదులో పోయకండి. ఇది చాలామంది చేసే పని, ఎరువు మట్టి వృథా పోకూడదని.

గులాబీ. సాళ్ళ చివర గులాబీ ఎందుకు పెడతారంటే, బూడిద తెగులు గులాబీకి ముందు వస్తుంది, చూసి ద్రాక్షకి మందు కొట్టుకోవచ్చని చెప్తారు. పూర్వం నాగలి లాగే గుర్రాలు ముళ్ళకి భయపడి మలుపు దూరంగా తిరుగుతాయని పెట్టేవాళ్ళనీ అంటారు. రెండూ వినడానికి బాగుంటాయి. అయితే గులాబీ మీద వచ్చే బూడిద తెగులు శిలీంధ్రం వేరు, ద్రాక్ష మీద వచ్చేది వేరు. ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకోదు. రెండిటికీ ఇష్టమైన వాతావరణం మాత్రం ఒకలాంటిదే, మబ్బు, చల్లదనం, గాలి ఆడకపోవడం. అందుకని గులాబీ కొంత సూచన ఇస్తే ఇవ్వొచ్చు కానీ, ఇంట్లో ఒక్క తీగ ఉన్నవాళ్ళకి ఆ సూచన ఎందుకు? తీగ ఆకునే తిప్పి చూసుకోవచ్చు. పైన బూడిద చల్లినట్టుంటే అది బూడిద తెగులు, ఇక్కడ భురీ అంటారు. ఆకు పైన నూనె మరకలాంటి పసుపు మచ్చ, సరిగ్గా దాని కిందవైపు తెల్లటి బూజు ఉంటే అది బూజు తెగులు, కేవడా. దీనికి గులాబీ ఏ సూచనా ఇవ్వదు, మన దగ్గర ద్రాక్షని ఎక్కువ ముంచేది ఇదే. పైగా గులాబీ మొగ్గల్లో చేరే తామర పురుగులు లేత ద్రాక్ష చిగుళ్ళనీ, పూతనీ, పిందెల్నీ గీకేస్తాయి, కాయ మీద గోధుమరంగు గజ్జిలా మచ్చ పడుతుంది. గులాబీ మీద ప్రేమ ఉంటే పెట్టుకోండి, పందిరికి దూరంగా, ఈ మార్చిలో కాకుండా వానలు పడ్డాక. ఎండలు ముదిరే ముందు నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ చాలావరకు మే నెల దాటదు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. నన్నడిగితే పురుగులకంటే ఇదే ముఖ్యం, ఇది పట్టించుకోకే ఇళ్ళలో ద్రాక్షలు కాయకుండా పోతున్నాయి. పూలమొక్కలు ఎండాకాలంలో రోజూ నీళ్ళడుగుతాయి, కుండీలైతే రోజుకి రెండుసార్లు కూడా. ద్రాక్షకి ఏడాదిలో నీళ్ళు తగ్గించాల్సిన రోజులు ఉన్నాయి. కోత అయ్యాక కత్తిరింపు దాకా ఒక నెల విశ్రాంతి, అప్పుడు మొక్క వాడిపోకుండా ఉండేంత ఇస్తే చాలు. కత్తిరించి చిగురు వచ్చాక బాగా ఇవ్వాలి. మళ్ళీ నెలన్నర తర్వాత, కొమ్మ కన్నుల్లో కాయ రూపు కట్టే టైములో తగ్గించాలి. అక్టోబరు కత్తిరింపు ముందు తగ్గించాలి. పండు తీపెక్కేటప్పుడూ తగ్గించాలి. పాదులో బంతో కనకాంబరమో ఉంటే అది వాడిపోతుంటే చూస్తూ ఊరుకోలేరు కదా, చెంబెడు నీళ్ళు పోస్తారు, ఆ చెంబుతో తీగ మళ్ళీ ఆకు మీద పడుతుంది. ఆకులు అరచేతులంత, తీగ పందిరంతా పాకుతుంది, కాయ మాత్రం ఉండదు. "మా తీగ బాగా పెరుగుతోంది కానీ కాయట్లేదు" అని అడిగే ఇళ్ళలో నేను ముందు చూసేది పాదునే.

కాయ రూపు కట్టడం అన్నాను, అది కాస్త వివరంగా చెప్పాలి. మీరు వచ్చే మాఘంలో తినబోయే గుత్తి ఈ వైశాఖ జ్యేష్ఠాల్లోనే కొమ్మ కన్నులో తయారవుతుంది. ఏప్రిల్‌లో కత్తిరించాక సుమారు నలభయ్యో రోజు నుంచి అరవయ్యో రోజు మధ్య, ఆ కన్నులోపల ఇది గుత్తి కావాలా నులితీగ (పందిరికి మెలిక వేసుకునే సన్నతీగ) కావాలా అన్నది తేలిపోతుంది. అప్పుడు కొమ్మ మీద గట్టి ఎండ పడాలి. అందుకే ద్రాక్షపందిరి మీద ఇంకో పూలతీగ ఎక్కించకండి. సన్నజాజి, రాధామనోహరం, శంఖుపూలు, ఏదైనా సరే. మీరు పాదు గురించే అడిగారు కానీ పందిరి ఉన్న ప్రతి ఇంట్లో తర్వాత వచ్చే ఆలోచన ఇదే కాబట్టి ముందే చెప్తున్నాను. మేలో ఆ నీడ పడిందంటే అక్టోబరులో ఎంత బాగా కత్తిరించినా నులితీగలే వస్తాయి. జాజిపందిరి కావాలంటే గేటు దగ్గర వేరుగా కట్టుకోండి.

ఏప్రిల్ కత్తిరింపు ఎలా చేయాలంటే, పదునైన సికేటర్ (కొమ్మలు కోసే కత్తెర) తీసుకుని పందిరి మీద అడ్డంగా పాకిన లావు కొమ్మల్ని అలాగే ఉంచి, వాటి మీంచి వచ్చిన ప్రతి పుల్లనీ మొదట్లో ఒకటి రెండు కన్నులు మిగిల్చి కోసేయండి. చూసేవాళ్ళకి గుండె ఆగుతుంది, మీ అత్తగారో అమ్మో వద్దంటారు కూడా, పందిరి మొత్తం బోడిగా అయిపోతుంది. ఫర్వాలేదు. కోసిన చోట నీళ్ళు బొట్లు బొట్లుగా కారితే అది కూడా మామూలే, ఆగిపోతుంది. కోసిన పుల్లలూ, రాలిన ఆకులూ పాదులో వదలకండి, తెగుళ్ళు వాటిలోనే దాగుంటాయి. కోసిన మర్నాడు మొదలుకీ, లావు కొమ్మలకీ బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి.

వారం, పది రోజులకి కన్ను దగ్గరగా చూడండి. గోధుమరంగు పొలుసు రెండుగా విడి, మధ్యలోంచి దూదిలాంటి తెల్లటి నూగు బయటికి వస్తుంది, దాని చివర లేత గులాబీ రంగు. తర్వాత రెండు మూడు రోజుల్లో ఆ నూగులోంచి వేలి గోరంత ఆకు విప్పుకుంటుంది. నలభై డిగ్రీల ఎండలో, ఊళ్ళో మిగతా చెట్లన్నీ తల వేలాడేసిన రోజుల్లో వచ్చే చిగురు అది. ఎన్నేళ్ళు చూసినా ఆ వారం నేను పొద్దున్నే తోటకి పరిగెత్తుతాను. మీరు వీడియోలో చూసి అసూయపడ్డ వసంతం మీ పందిరి మీదికి అప్పుడు వస్తుంది, ఒక నెల ఓపిక పట్టండి.

చిగుళ్ళు గుంపుగా వస్తే బలమైనవి ఉంచి, ఒకదానిమీదొకటి పడేవి చేత్తోనే తుంచేయండి. మిగిలిన కొమ్మ ఏడు ఆకులయ్యాక చివర రెండు ఆకులతో సహా గిల్లేస్తే పక్క కన్ను నుంచి ఇంకో కొమ్మ సాగుతుంది, థాంప్సన్ జాతి రకాల్లో ఆ గిల్లిన ముడి దగ్గరి కన్నులే బాగా కాస్తాయి. అక్టోబరులో ఆ ముడికి దగ్గర్లోనే కోస్తాం. అంటుమొక్క అయితే అంటు కట్టిన చోటుకి కింద నుంచి వచ్చే చిగుళ్ళని మాత్రం వెంటనే పీకేయాలి, అది ఖుంటు చిగురు, ఆకు తేడాగానే ఉంటుంది, దాన్ని వదిలేస్తే పైది ఎండిపోయి అడవితీగ మిగులుతుంది.

ఇక మీరు అసలు అడిగింది, ఇప్పుడు ఏ పూలు. మార్చి అంటే చలికాలపు పూలకి సెలవు. పెటూనియా, డయాంథస్ లాంటివి నర్సరీలో ఇప్పుడు చవగ్గా ఇస్తారు, నిండా పూలుంటాయి, కొనకండి, మూడు వారాలు కూడా నిలవవు. ఎండలో నిలిచేవి కొన్నే ఉన్నాయి, వాటిలో నా మొదటి ఓటు జినియాకి. విత్తనం నేరుగా మడిలోనే చల్లుకోవచ్చు, నారు పోసి మార్చే పని లేదు, రెండు నెలల్లోపే పూస్తుంది, రంగులన్నీ ఉంటాయి. నీళ్ళు ఆకు మీద పడకుండా మొదట్లో పోయాలి, లేకపోతే దానికీ బూడిద తెగులు వస్తుంది. గైలార్డియా ఇంకా మొండిది, రెండ్రోజులు ఊరెళ్ళొచ్చినా బతికుంటుంది. నాచుపూలు, అదే గడ్డిగులాబీ, పక్కింట్లో ఉంటే నాలుగు పుల్లలు తెచ్చి వెడల్పాటి కుండీలో గుచ్చండి, ఎంత ఎండ ఉంటే అంత పూస్తుంది. బిళ్ళగన్నేరు సంగతి తెలిసిందే, దాన్ని చంపేది ఎండ కాదు, ఎక్కువ నీళ్ళు. మల్లె నాటుకోవడానికి వానాకాలమే మంచిది, కానీ నర్సరీలో మొగ్గలతో ఉన్న గుండుమల్లె కుండీ దొరికితే ఇప్పుడే తెచ్చుకోండి, ఆ కుండీలోంచి కదపకుండా వానల దాకా ఉంచితే సరి. మల్లె వాసన లేకుండా ఎండాకాలం సాయంత్రాలేంటి?

బంతి గురించి చాలామంది అడుగుతారు, బంతి పెడితే నులిపురుగులు పోతాయట కదా, పాదులో పెట్టొచ్చు కదా అని. బంతి వేళ్ళు నులిపురుగుల్ని తగ్గిస్తాయన్నది నిజమే. కానీ ఎండాకాలంలో బంతికి ఎర్రనల్లి పడుతుంది, ఆకు వెనక సాలెగూడులా అల్లుకుంటుంది, ద్రాక్షకీ ఎర్రనల్లి బెడద ఉంది. దాంతోపాటు మళ్ళీ ఆ నీళ్ళ గొడవ. బంతిని జూన్, జూలైలో వేసుకోండి, కనకాంబరం పెట్టిన మడిలోనే మార్చి మార్చి వేసుకుంటే ఆ మట్టి బాగుపడుతుంది.

మీ ఇంటి ముందు పడమర ఎండ పడుతుందని రాశారు. సిమెంటు కుండీలు పడమర గోడకి ఆనించొద్దు, ఏప్రిల్, మేలో కుండీ అంచు చేత్తో ముట్టుకోలేం, లోపల వేళ్ళు ఉడికిపోతాయి. కుండీల చుట్టూ తడి గోనెసంచి చుట్టి, ఒకదానికొకటి ఆనించి పెట్టండి. మట్టి వట్టి నల్లరేగడి అయితే నీళ్ళు పోస్తే ముద్ద, ఆరితే పగుళ్ళు. దానికి సమానంగా మాగిన పశువుల ఎరువు, సమానంగా ఇసుకో కొబ్బరిపొట్టో కలపండి. ద్రాక్షపాదులో ఏం పెట్టాలి, ఖాళీగా చూడబుద్ధి కావట్లేదు అంటే, చెరకు పిప్పి లేదా ఎండిన చెరకు ఆకు రెండు మూడు అంగుళాల మందాన పరవండి, మొదలుకి తగలకుండా జానెడు వదిలి. నేల చల్లగా ఉంటుంది, నీళ్ళు ఆదా, కలుపు రాదు. మాకు ఫ్యాక్టరీలు దగ్గర కాబట్టి సులువుగా దొరుకుతుంది, లేకపోతే ఎండుగడ్డి అయినా సరే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫిల్టర్ మెషీన్ నుంచి వదిలేసే నీళ్ళు వృథా కాకూడదని బకెట్లో పట్టి మొక్కలకి పోస్తుంటారు. బోరునీళ్ళ ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. ద్రాక్షకి ఉప్పు అసలు పడదు, ఆకు అంచు నుంచి లోపలికి కాలినట్టు ఎండుతుంది. మీ తీగకి ఆకు అంచులు ఎండుతున్నాయన్నారు. పాత ఆకులే అలా ఉంటే వయసు, కొత్త చిగురు ఆకులకీ అలాగే ఉంటే ఉప్పని అనుమానించండి. కుండీల బయట తెల్లటి పొర కడుతోందా చూడండి, అది కూడా గుర్తే. ఆ నీళ్ళు వాకిలి కడగడానికి వాడండి, తీగకి కాదు.

వానలు మొదలయ్యాక మీ పని ఇంకో మడి. మన ఇళ్ళలో బతుకమ్మకి పూలు కావాలి కదా, షోలాపూర్‌లో దసరా ముందు బంతి కిలో ధర వింటే కొనబుద్ధి కాదు. మృగశిర వానలకి గునుగు విత్తనం చల్లండి, జూలైలో బంతి నారు నాటండి, అదే నెలలో చామంతి పిలకలు వేరుచేసి పెట్టండి. చామంతి రోజు పొడుగు తగ్గితేనే మొగ్గ తొడుగుతుంది, అందుకే ఎప్పుడు నాటినా కార్తీకం దగ్గరికే పూస్తుంది, జనవరి దాకా ఉంటుంది.

సరిగ్గా ఆ బతుకమ్మ రోజుల చుట్టుపక్కలే ద్రాక్షకి రెండో కత్తిరింపు. ఇక్కడ మీకూ మాకూ తేడా ఉంది. షోలాపూర్ వానలు తక్కువ ఉన్న జిల్లా, మీ నాందేడ్ వైపు మాకంటే చాలా ఎక్కువ. మేం అక్టోబరు మొదట్లో కోసినా నడుస్తుంది, మీరు వాన పూర్తిగా వెనక్కి తగ్గాక, అక్టోబరు రెండో సగంలో కోయండి. లేత చిగురు మీద వాన తడి నిలిస్తే బూజు తెగులు కొద్ది రోజుల్లోనే పూతని మాడ్చేస్తుంది. కోశాక చిగురు నాలుగైదు ఆకులయ్యేసరికి ఒకసారి పలచని బోర్డో మిశ్రమం కొట్టుకోవచ్చు. బూడిద తెగులుకి నీళ్ళలో కలిసే గంధకం, లీటరుకి రెండు గ్రాములు, చల్లటి పూట మాత్రమే, ఎండ ముప్పై రెండు డిగ్రీలు దాటిన రోజు కొడితే ఆకు కాలుతుంది. తోటల్లో కన్నులన్నీ ఒకేసారి పగలడానికి కన్నులకి డార్మెక్స్ అనే మందు పూస్తారు, అది ఇంట్లో వద్దే వద్దు. చర్మం మీద పడితే కాలుస్తుంది, పిల్లలు తిరిగే వాకిట్లో అలాంటిది ఉండకూడదు. రెండు మూడు కన్నులు ఆలస్యంగా లేస్తే లేచాయి, ఇంటి తీగకి తొందరేం లేదు.

పోయినసారి నాలుగే గుత్తులు వచ్చాయని బాధపడొద్దు, రెండేళ్ళ తీగకి అవే ఎక్కువ. ఈసారి ఎక్కువ వచ్చినా ఒక్కో కొమ్మకి ఒక్క గుత్తి ఉంచి మిగతావి పిందెలప్పుడే తీసేయండి.

మీ తీగ రకం ఏంటో, అంటు ముడి కనిపిస్తోందో లేదో, బోరునీళ్ళు తాగడానికి వాడతారో లేదో రాయండి. ఎరువుల మోతాదు అవి తెలిశాకే చెప్తాను, తీగని చూడకుండా పొటాషూ యూరియా లెక్కలు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఏప్రిల్‌లో కోసే ముందు పందిరి ఫోటో పెడితే ఏ కొమ్మ ఉంచాలో గీతలు గీసి పంపుతాను.